ఎక్స్‌పర్ట్ ఎంటీబీ/రిఫ్ అల్ట్రా కార్ట్‌రిడ్జ్: ల్యాబ్ బల్ల దగ్గరి సమీక్ష

సెఫీడ్ కంపెనీ జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం కోసం చేసిన మొదటి టీబీ కార్ట్‌రిడ్జ్‌ను, అంటే శాంపిల్ పోసి యంత్రంలో పెడితే అందులో టీబీ సూక్ష్మజీవి డీఎన్‌ఏను వెతికే డబ్బాను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఆమోదించింది. దాని తర్వాతి రూపమైన అల్ట్రాకు 2017 మార్చిలో సిఫార్సు వచ్చింది. ఈ సమీక్ష అల్ట్రా గురించి. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: కార్ట్‌రిడ్జ్ మంచిది, నమ్మదగినది, తెమడను మైక్రోస్కోపు కింద చూసి సరిపెట్టుకునే ల్యాబులు వీలైనంత త్వరగా దీనికి మారాలి. అయితే ఫలితం ఎంతవరకు పనికొస్తుందనేది రెండు చోట్ల తేలుతుంది. ఒకటి, కార్ట్‌రిడ్జ్‌లో శాంపిల్ పోయకముందు గడిచే పదిహేను నిమిషాలు. రెండు, రిపోర్టు చదివే మనిషి. ఈ రెండింటినీ యంత్రం సరిదిద్దలేదు.

పాత కార్ట్‌రిడ్జ్‌కూ అల్ట్రాకూ తేడా ఎక్కడుందో చూద్దాం. పాతది టీబీ సూక్ష్మజీవిలో ఒక్క కాపీయే ఉండే ఆర్‌పీఓబీ జన్యువును మాత్రమే వెతికేది. అల్ట్రా దానితోపాటు ఐఎస్6110, ఐఎస్1081 అనే మరో రెండు డీఎన్‌ఏ ముక్కలనూ వెతుకుతుంది. ఇవి ఒక్కో సూక్ష్మజీవిలో చాలా కాపీలు ఉంటాయి కాబట్టి దొరికే అవకాశం పెరుగుతుంది. ఐఎస్6110 అసలే లేని రకాలు కొన్ని ఉన్నాయి. వాటి కోసమే రెండోదాన్ని కలిపారు. పీసీఆర్ (డీఎన్‌ఏను ఎన్నో రెట్లు పెంచే ప్రక్రియ) జరిగే, కార్ట్‌రిడ్జ్‌లోని చిన్న గదిని కూడా 25 మైక్రోలీటర్ల నుంచి 50కి పెంచారు. వీటన్నిటి వల్ల పాత కార్ట్‌రిడ్జ్‌కు మిల్లీలీటరు తెమడలో 110 పైచిలుకు బ్యాక్టీరియా కావాల్సి వస్తే, అల్ట్రాకు 16 చాలు. మైక్రోస్కోపు స్మియర్‌లో (గాజు పలక మీద పూసిన తెమడలో) కనబడాలంటే అయిదు వేల నుంచి పది వేల దాకా ఉండాలి. సమయమూ తగ్గింది: రెండు గంటలకు దగ్గరగా పట్టేది ఇప్పుడు 80 నిమిషాల లోపే పూర్తవుతుంది.

2018లో ప్రచురితమైన బహుళ దేశాల అధ్యయనంలో స్మియర్ నెగెటివ్, కల్చర్ (సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) పాజిటివ్ వచ్చిన రోగుల్లో అల్ట్రా 63 శాతం మందిని పట్టుకుంది, పాత కార్ట్‌రిడ్జ్ 46 శాతం మందిని. హెచ్‌ఐవీ ఉన్నవారిలో అది 90 శాతం, 77 శాతం. ఈ పెరుగుదల ఊరికే రాలేదు. టీబీ లేనివాళ్లకు లేదని సరిగ్గా చెప్పే శాతం 98 నుంచి 96కి తగ్గింది. అదివరకు టీబీ వచ్చి తగ్గినవారిలోనైతే 98 నుంచి 93కి పడింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. పీసీఆర్‌కు బతికిన సూక్ష్మజీవి, చచ్చిన సూక్ష్మజీవి తేడా తెలియదు. మందులతో చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఊపిరితిత్తుల్లో చాలా కాలం మిగిలి ఉండొచ్చు, అల్ట్రా దాన్ని కూడా పట్టుకుంటుంది.

ఇక చేతి పని. మొదట తెమడ. ఒక మిల్లీలీటరుకు తక్కువ కాకుండా, లోతుగా దగ్గి తీసింది కావాలి. ఉమ్మి ఎక్కువగా ఉంటే ఫలితం నెగెటివ్ రావచ్చు, ఆ నెగెటివ్‌కు విలువ లేదు. అన్నం మెతుకుల్లాంటి ఆహారపు తునకలు కనబడితే ఆ శాంపిల్ వద్దు, మళ్లీ అడగండి. ఇక్కడ మొహమాటపడితే తర్వాత కార్ట్‌రిడ్జ్ పోతుంది.

తెమడకు రెట్టింపు శాంపిల్ రియేజెంట్ (శాంపిల్‌ను పలచబరిచే రసాయన ద్రవం) కలపాలి, అంటే ఒక మిల్లీలీటరుకు రెండు. సెంట్రిఫ్యూజ్ చేసి (వేగంగా తిప్పి) తీసిన మడ్డి అయితే మూడింతలు: అర మిల్లీలీటరు మడ్డికి ఒకటిన్నర మిల్లీలీటర్ల రియేజెంట్. మూత బిగించి పది నుంచి ఇరవై సార్లు గట్టిగా ఊపాలి, లేదా వోర్టెక్స్ (గిరగిర తిప్పి కలిపే పరికరం) మీద కనీసం పది సెకన్లు పెట్టాలి. పది నిమిషాలు గది ఉష్ణోగ్రత దగ్గర ఉంచి, మళ్లీ అలాగే ఊపి, ఇంకో ఐదు నిమిషాలు ఆగాలి. ఈ రెండో ఊపుడును చాలామంది వదిలేస్తారు. రద్దీగా ఉన్న రోజు మొదట ఎగిరిపోయేది అదే. పదిహేను నిమిషాల తర్వాత ద్రవం నీళ్లలా పారాలి, గడ్డలు ఉండకూడదు. ఉంటే మరికాసేపు ఆగండి. ఆ రియేజెంట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, ఐసోప్రొపనాల్ ఉంటాయి. అవి తెమడను పలచబరచడమే కాదు, బతికి ఉన్న టీబీ సూక్ష్మజీవుల సంఖ్యను భారీగా తగ్గిస్తాయి. అంటే ఈ పదిహేను నిమిషాలు టెక్నీషియన్ భద్రత కోసం కూడా. కొలత తగ్గించినా, సమయం తగ్గించినా ఆ రక్షణ పోతుంది. సీసా మూత తీసేముందు ద్రవం నిలకడగా ఉండాలి. ఊపిన వెంటనే తీస్తే గాల్లోకి తుంపరలు లేస్తాయి.

తర్వాత ఇచ్చిన పిపెట్‌తో దాని గీత దాకా, అంటే రెండు మిల్లీలీటర్లు, నింపి కార్ట్‌రిడ్జ్‌లో నెమ్మదిగా వదలాలి. బుడగలు రాకూడదు. గీతకు తగ్గితే ఎర్రర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. పోశాక కార్ట్‌రిడ్జ్‌ను ఊపకండి, తలకిందులు చేయకండి. వెనక భాగంలో పొడుచుకు వచ్చిన పలచని రియాక్షన్ ట్యూబ్‌ను వేలితో ముట్టకండి. కాంతి వెళ్లేది అందులోంచే. వేలిముద్ర పడితే రీడింగ్ చెడిపోతుంది. పేషెంటు నంబరు పక్క గోడ మీద రాయాలి, మూత మీదో బార్‌కోడ్ మీదో కాదు. కార్ట్‌రిడ్జ్‌ల నిల్వ 2 నుంచి 28 డిగ్రీల మధ్య.

లోపల జరిగేది నిజంగా మెచ్చుకోదగ్గ పని. సూక్ష్మజీవులను ఒక ఫిల్టర్ పట్టుకుంటుంది, కడుగుడు అవుతుంది, అల్ట్రాసౌండ్ వాటిని పగలగొడుతుంది, బయటకొచ్చిన డీఎన్‌ఏ ఎండు రియేజెంట్ గుళికలతో కలిసి పీసీఆర్ గదికి చేరుతుంది. అంతా మూసి ఉన్న డబ్బాలోనే. పెద్ద మాలిక్యులర్ ల్యాబులను ఏడిపించే కలుషితం సమస్య ఇక్కడ చాలావరకు లేదు. వాడేసిన కార్ట్‌రిడ్జ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. లోపల కోట్ల సంఖ్యలో పెరిగిన డీఎన్‌ఏ ముక్కలుంటాయి. ఒకసారి బయటపడితే గది మొత్తానికి చేటు.

ఎర్రర్ కోడ్‌లను చదవడం నేర్చుకుంటే సగం కార్ట్‌రిడ్జ్ నష్టం తప్పించుకోవచ్చని మా నమ్మకం. 2008 అంటే లోపల ఒత్తిడి హద్దు దాటింది: దాదాపు ఎప్పుడూ చిక్కటి శాంపిలో, ఆహారపు తునకో ఫిల్టర్‌ను మూసేసి ఉంటుంది. 5006, 5007, 5008 అంటే ప్రోబ్‌ల (వెతికే డీఎన్‌ఏకు అంటుకుని వెలుగునిచ్చే ముక్కల) తనిఖీ తప్పినట్టు. రెండు మిల్లీలీటర్లు పడలేదేమో, శాంపిల్ సరిగ్గా కరగలేదేమో, ట్యూబ్‌ను ముట్టుకున్నారేమో వరసగా చూడండి. ‘ఇన్‌వాలిడ్’ వస్తే విషయం వేరు. పరీక్ష సరిగ్గా నడిచిందో తేల్చడానికి కార్ట్‌రిడ్జ్‌లో ముందే పెట్టిన హాని లేని బ్యాక్టీరియా స్పోర్లు కూడా దొరకలేదన్నమాట. రక్తం లాంటిదేదో పీసీఆర్‌ను అడ్డుకుని ఉండొచ్చు. ‘నో రిజల్ట్’ చాలాసార్లు కరెంటు పోవడం వల్ల. యంత్రంలో బ్యాటరీ లేదు, నడుస్తుండగా ఆగితే ఆ కార్ట్‌రిడ్జ్ పోయినట్టే. యూపీఎస్ లేకుండా ఈ యంత్రం పెట్టడం తప్పు నిర్ణయం. ఒకే కోడ్ వేర్వేరు రోగుల శాంపిల్స్‌కు ఒకే మాడ్యూల్‌లో (యంత్రంలో ఒక కార్ట్‌రిడ్జ్ పెట్టే గడిలో) పదేపదే వస్తే లోపం మాడ్యూల్‌ది. వేర్వేరు మాడ్యూళ్లలో ఒకే టెక్నీషియన్ చేతి కింద వస్తే లోపం తయారీలో ఉంది. అందుకే ఎర్రర్ రిజిస్టర్‌లో మాడ్యూల్ నంబరు, చేసిన వ్యక్తి పేరు రెండూ ఉండాలి.

అందరికంటే డాక్టర్లను ఎక్కువ తికమక పెట్టేది ‘ట్రేస్’ అనే ఫలితం. ఐఎస్ ముక్కలు దొరికాయి, ప్రధాన టీబీ మందు రిఫాంపిసిన్‌కు సూక్ష్మజీవి లొంగుతుందో లేదో తెలిపే ఆర్‌పీఓబీ చదవడానికి చాలినంత డీఎన్‌ఏ లేదు, ఇదీ దాని అర్థం. కాబట్టి రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో ఈ ఫలితం చెప్పదు, ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో, పిల్లల్లో, ఊపిరితిత్తుల బయటి టీబీలో ట్రేస్‌ను పాజిటివ్‌గానే తీసుకోవాలి. వీళ్ల శాంపిల్స్‌లో సూక్ష్మజీవులు మామూలుగానే తక్కువ, ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. హెచ్‌ఐవీ లేని పెద్దవాళ్లలో కొత్త తెమడతో మళ్లీ పరీక్షించాలి. గత ఐదేళ్లలో టీబీ మందులు వాడినవారిలో పాత డీఎన్‌ఏ అయి ఉండే అవకాశం గట్టిగా ఉంది. ఎక్స్‌రే, లక్షణాలు, కల్చర్ చూడకుండా మందులు మొదలెట్టకూడదు. రిపోర్టు మీద ‘ట్రేస్’ అని మాత్రమే రాసి పంపే ల్యాబులను చూస్తే బాధ కలుగుతుంది. కింద ఒక్క వాక్యం కలిపితే చాలు: పాత టీబీ చరిత్ర అడగండి, కొత్త శాంపిల్ పంపండి.

చచ్చిన సూక్ష్మజీవి డీఎన్‌ఏ కూడా దొరుకుతుంది కాబట్టే మందులు పనిచేస్తున్నాయా అని చూడటానికి ఈ కార్ట్‌రిడ్జ్ అసలు పనికిరాదు. దానికి స్మియర్, కల్చరే దిక్కు.

రిఫాంపిసిన్ విషయంలో అల్ట్రా పాతదానికంటే మెరుగు. నాలుగు ప్రోబ్‌లు ఏ ఉష్ణోగ్రత దగ్గర విడిపోతున్నాయో చూసి మ్యుటేషన్‌ను (జన్యువులో మార్పును) గుర్తిస్తుంది. అందువల్ల ప్రొటీన్‌ను మార్చని నిశ్శబ్ద మ్యుటేషన్లను రెసిస్టెన్స్ (మందుకు లొంగకపోవడం) అని పొరబడటం తగ్గింది. కానీ అది చూసేది ఆర్‌పీఓబీలోని 81 అక్షరాల భాగాన్నే. 491వ కోడాన్‌లో (మూడు అక్షరాల గుంపులో) వచ్చే మార్పు ఆ భాగం బయట ఉంది, దొరకదు. ఆఫ్రికా దేశమైన ఎస్వాటినీలో మొండి (ప్రధాన మందులకు లొంగని) టీబీ రకాల్లో 30 శాతం దాకా ఈ మార్పు ఉన్నట్టు 2015లో వెల్లడైంది, పాత కార్ట్‌రిడ్జ్ వాటన్నిటినీ మామూలు టీబీ అనే చెప్పేది. అల్ట్రాకూ ఆ లోపం అలాగే ఉంది. రిపోర్టు మందు పనిచేస్తుందన్నా రోగి కోలుకోకపోతే కల్చర్‌కు పంపాలి.

దీనికి తిరగబడ్డ ప్రమాదం కూడా ఉంది. లెక్క వేసి చూడండి. వెయ్యి మంది టీబీ రోగుల్లో పది మందికే రెసిస్టెన్స్ ఉందనుకుందాం, పరీక్ష 98 శాతం కచ్చితమనుకుందాం. మిగతా 990 మందిలో దాదాపు 20 మందికి తప్పుగా రెసిస్టెన్స్ అని వస్తుంది. అంటే ముప్పై రిపోర్టుల్లో నిజమైనవి పదే. అందుకే రెసిస్టెన్స్ ముప్పు తక్కువగా ఉన్న రోగికి ఆ ఫలితం వస్తే కొత్త శాంపిల్‌తో తిరిగి చేసి రెండో ఫలితాన్ని తీసుకోవాలి. నెలల తరబడి కఠినమైన మందుల్లోకి తోసేముందు ఇంకో కార్ట్‌రిడ్జ్ ఖర్చు పెద్దది కాదు.

తెమడ తీయలేని పిల్లలకు మలం శాంపిల్ పద్ధతి వచ్చింది, ఇది మాకు బాగా నచ్చిన మార్పు. 0.8 గ్రాముల మలాన్ని 8 మిల్లీలీటర్ల రియేజెంట్ సీసాలోనే వేసి, ముప్పై సెకన్లు ఊపి, పది నిమిషాలు ఆగి, మళ్లీ ఊపి, మరో పది నిమిషాలు కదపకుండా ఉంచి, పైన తేరిన ద్రవం రెండు మిల్లీలీటర్లు తీసుకోవాలి. మలం ఎక్కువ వేస్తే మంచిదనుకుంటారు. ఎక్కువైతే ఫిల్టర్ మూసుకుపోతుంది. మెదడు పొరల టీబీకి వెన్నునీరు పరీక్షించినప్పుడు పాజిటివ్ వస్తే వెంటనే నమ్మండి, నెగెటివ్ వస్తే మాత్రం దాన్ని పట్టుకుని మందులు ఆపకండి.

యంత్రం సంరక్షణ కష్టమేమీ కాదు, కానీ దుమ్ముకు లొంగుతుంది. గది 15 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్యాన్ ఫిల్టర్లు క్రమం తప్పకుండా కడగాలి. ప్రతి మాడ్యూల్‌కు ఏడాదికోసారి లేదా 2,000 పరీక్షలకోసారి, ఏది ముందైతే అది, కాలిబ్రేషన్ (కొలతలు సరిచూడటం) చేయాలి. కొనేటప్పుడు సర్వీసు ఒప్పందం గురించి ధర కంటే ముందు మాట్లాడండి. ఒక మాడ్యూల్ చచ్చిపడి ఉన్న నాలుగు మాడ్యూళ్ల యంత్రం రోజూ పావు వంతు మందిని వెనక్కి పంపుతుంది.

కరెంటు నిలకడ లేని చోట, గది చల్లగా ఉంచలేని చోట బ్యాటరీ మీద నడిచే మరో టీబీ పరీక్ష యంత్రం ట్రూనాట్ మేలు. రిఫాంపిసిన్‌కు దానిలో విడిగా రెండో చిప్ పెట్టాలన్నది గుర్తుంచుకోవాలి. ఐసోనియాజిడ్, ఫ్లోరోక్వినలోన్ అనే ఇతర టీబీ మందులకు రెసిస్టెన్స్ తెలియాలంటే అల్ట్రా చెప్పదు. 2021లో సిఫార్సు అయిన ఎక్స్‌డీఆర్ (మరిన్ని మందులకు లొంగని టీబీ) కార్ట్‌రిడ్జ్ కావాలి, దానికి పాత ఆరు రంగుల కాంతిని చదివే మాడ్యూళ్లు చాలవు, పది రంగులవి ఉండాలి. కొత్త యంత్రానికి ఆర్డరు పెట్టేవాళ్లు ఇప్పుడే పది రంగుల మాడ్యూళ్లు అడగడం మంచిది. బెడాక్విలిన్ మందు పనిచేస్తుందో లేదో ఈ రెండు కార్ట్‌రిడ్జ్‌లూ చెప్పవు కాబట్టి కల్చర్ ల్యాబుకు శాంపిల్స్ పంపే దారి మాత్రం మూయకండి.