ద టోపోగ్రఫీ ఆఫ్ ద లంగ్స్: డోలు వాయించేవాడి చెవితో

అంబాజీపేటలో పెళ్లి మేళం ముగించుకుని ఇంటికొచ్చేసరికి రాత్రి రెండయింది. నిద్ర పట్టలేదు. హైదరాబాద్‌లో కీబోర్డు వాయించే మా మేనల్లుడు పంపిన 'ద టోపోగ్రఫీ ఆఫ్ ద లంగ్స్' అనే ఆల్బమ్ అప్పుడు పెట్టాను. "మావయ్యా, ఫోన్ స్పీకర్‌లో వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మధ్యలో ఆపకండి" అన్నాడు. ఎందుకన్నాడో రెండు నిమిషాల్లోనే తెలిసింది.

1970 జూలైలో లండన్‌లో రికార్డు చేశారు. ఇవాన్ పార్కర్ శాక్సోఫోన్, డెరెక్ బెయిలీ గిటార్, హాలండ్ ఆయన హాన్ బెనింక్ డ్రమ్స్. ఆ ఏడాదే పార్కర్, బెయిలీ, డ్రమ్మర్ టోనీ ఆక్స్‌లీ కలిసి ఇంకస్ అనే సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నారు. దాని మొదటి ఎల్పీ ఇదే. ఇందులో ముందే కట్టుకున్న వరస లేదు, రాగం లేదు, తాళం లేదు.

తాళం లేకపోవడమే నాకు కష్టమైంది. ఇరవై రెండేళ్లుగా డోలు వాయిస్తున్నాను. ఏది విన్నా నా చెయ్యి తొడ మీద ఆదితాళం వేస్తుంది. మొదటి ట్రాక్ 'టైటాన్ మూన్' ఇరవై నిమిషాలు. మొదట్లో సమం, అంటే తాళం మొదలయ్యే దెబ్బ, ఎక్కడుందా అని వెతుకుతూనే ఉన్నాను. వెతకడం మానేశాక బెనింక్ వినపడ్డాడు. పిడుగులు కురిపించినట్టు వాయిస్తూ వాయిస్తూ ఉన్నట్టుండి తగ్గుతాడు. ఆ ఖాళీలోకి బెయిలీ గిటార్ దిగుతుంది, గుడి గంటకు గోరు తగిలినంత సన్నగా. మా తీర్మానం, అంటే డోలు మీద వేసే ముగింపు జతి, అయ్యాక సన్నాయి ఎత్తుకునే ముందు ఒక్క క్షణం నిశ్శబ్దం ఉంటుంది. దాన్ని పాడుచేస్తే మా గురువుగారు డోలు కర్రతో మోకాలి మీద కొట్టేవారు. బెనింక్‌కి ఆ క్షణం విలువ తెలుసు.

ఇక పార్కర్. శ్రుతి పెట్టెలు రాకముందు మా మేళాల్లో శ్రుతి ఊదడానికే ఒక మనిషి ఉండేవాడు. బుగ్గల్లో గాలి దాచుకుని, ముక్కుతో పీల్చుకుంటూ, కచేరీ అయ్యేదాకా నాదం తెగనిచ్చేవాడు కాదు. పార్కర్ తర్వాతి కాలంలో సోలో శాక్సోఫోన్ మీద అదే ఊపిరితో పేరు తెచ్చుకున్నాడు. ఈ రికార్డులో మాత్రం ఊపిరి ముక్కలుముక్కలుగా వస్తుంది. కీచుమంటుంది, బుసకొడుతుంది, నోట్లోని రెల్లు పీకను పళ్లతో నొక్కినట్టు ఉంటుంది. ఆల్బమ్‌కి ఊపిరితిత్తుల పేరు ఊరికే పెట్టలేదు.

మా నాన్నగారిది సన్నాయి. పొద్దున్నే ఆయనకి వినిపించాను. కాసేపు కళ్లు మూసుకుని విన్నారు. "ఇందులో ఎవడూ ఎవడికీ ఎదురు వాయించట్లేదురా, వింటున్నారు" అన్నారు. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించడం, అని మనం గొప్పగా చెప్పుకునేదాంట్లో సగం ఆ వినడమే.

లోపం లేకపోలేదు. బెనింక్ పూర్తి బలంతో వాయించినప్పుడు గిటార్ మునిగిపోతుంది. మా మేళంలోనూ డోలుకీ సన్నాయికీ ఎప్పుడూ ఇదే తగువు. రెండో వైపు మూడు ట్రాక్స్ బాగానే ఉన్నాయి గానీ 'టైటాన్ మూన్' అంత లోతు నాకు కనపడలేదు.

2005 డిసెంబర్‌లో బెయిలీ పోయారు. మరుసటి ఏడాది పార్కర్ 'సై' అనే తన రికార్డు లేబుల్ మీద దీన్ని సీడీగా మళ్లీ తెచ్చాడు. అందులో అదనంగా రెండు ట్రాక్స్ ఉన్నాయి. దొరికితే అదే తీసుకోండి. ఇరవై నిమిషాలు ఒకేసారి కష్టమనిపిస్తే రెండో ట్రాక్ నుంచి మొదలుపెట్టండి, అది చిన్నది.