ద్వారకానగర్‌లో జీనోమ్ క్లాసు: పాఠం సూపర్, సిస్టమ్‌లు దండగ

వైజాగ్ ద్వారకానగర్‌లో వీకెండ్ బయోఇన్ఫర్మాటిక్స్ క్లాసు, జీనోమ్ డేటాలో సహజ ఎంపిక ఆనవాళ్లు పట్టే పద్ధతులు నేర్పుతామంటే చేరాను. సార్ పాఠం మాత్రం అదుర్స్. 1989 నాటి తజిమా డి (డీఎన్ఏలోని తేడాల తీరు చూసి ఎంపిక జరిగిందా అని అంచనా వేసే లెక్క) విలువ మైనస్‌లోకి వెళ్లగానే ఎంపిక దొరికేసిందని ఎగిరి గంతేయకండి, జనాభా వేగంగా పెరిగినా అరుదైన మార్పులు ఎక్కువై అదే మైనస్ వస్తుంది, అందుకే ఆ ఒక్క జన్యువు విలువని జీనోమ్ మొత్తం విలువల పక్కన పెట్టి చూడాలి అని బోర్డు మీద గీసి మరీ చెప్పారు. ప్రాక్టికల్స్‌కి 1000 జీనోమ్స్ అనే అంతర్జాతీయ ప్రాజెక్టులోని ఐటీయూ డేటా, అంటే యూకేలో ఉంటున్న తెలుగువాళ్ల శాంపిళ్లు. మనవాళ్ల డీఎన్ఏ మీద వీసీఎఫ్‌టూల్స్ అనే ప్రోగ్రామ్ నడుపుతుంటే ఆ కిక్కే వేరు!

ఎంపికని పట్టే ఇంకో పద్ధతి ఐహెచ్ఎస్ దగ్గరికొచ్చేసరికి హడావుడిగా లాగించేశారు. హాప్లోటైప్‌ల (ఒకే క్రోమోజోమ్ మీద కలిసి వచ్చే మార్పుల వరసల) పొడవు పోల్చే పద్ధతి కదా, ఫేజింగ్ (ఏ మార్పు జంట క్రోమోజోమ్‌లలో దేనిమీద ఉందో తేల్చడం) తేడా కొడితే ఫలితం గోవిందా, ఆ ముక్క మేం అడిగితే గానీ చెప్పలేదు. ఏసీ పేరుకే, ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. ల్యాప్‌టాప్ సొంతది తీసుకెళ్లండి, పాలలోని చక్కెరని అరిగించే లాక్టేజ్ జన్యువు చూద్దామని క్రోమోజోమ్ 2 ఫైలు తెరిస్తే అక్కడి సిస్టమ్‌లు చేతులెత్తేశాయి. ఫీజు కాస్త ఎక్కువే. లినక్స్ కమాండ్లు అసలు రానివాళ్లు ఇప్పుడే చేరొద్దు.