మూడు సీజన్లు వాడిన డబుల్ వాల్వ్ స్ప్రింగులు: నా 220 సీసీ రేసు బండి అనుభవం

మాది నల్లగొండ. నా బండి 220 సీసీ, సింగిల్ సిలిండర్, రెండు వాల్వులు. దాన్ని రేసుకు తయారు చేసుకుని చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్తుంటాను. ట్రాలీలో ఎక్కించి, మిర్యాలగూడ మీదుగా వాడపల్లి వంతెన దాటి, అద్దంకి రోడ్డు పట్టుకుంటే రాత్రంతా ప్రయాణమే. ఇంజన్‌లో ఉన్న డబుల్ స్ప్రింగుల (వాల్వును మూసే స్ప్రింగు, ఒకదానిలో ఒకటి రెండు) సెట్‌కు మొన్నటితో మూడు సీజన్లు నిండాయి. నాకు చాలా నచ్చింది. అయితే ఇది బిగించేలోపే ఒక క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) పాడుచేసుకున్నాను.

ఎక్కువ లిఫ్ట్ ఉన్న, అంటే వాల్వును ఎక్కువ తెరిచే క్యామ్ వేయించిన కొత్తలో తొమ్మిదిన్నర వేల ఆర్‌పీఎం దగ్గర బండి ఆగిపోయినట్టు అయ్యేది. సౌండ్ పగిలేది. కార్బ్యురేటర్ లోపం అనుకుని మెయిన్ జెట్ రెండుసార్లు మార్చాను, ప్లగ్ మార్చాను. అసలు సంగతి వాల్వ్ ఫ్లోట్. అంత వేగంలో క్యామ్ తప్పుకున్నంత త్వరగా పాత స్ప్రింగు వాల్వును మూయలేకపోయింది. వాల్వు దాని సీటు (మూసినప్పుడు ఆనుకునే అంచు) మీద పడి మళ్లీ ఎగిరేది. అలాగే లాగి ఉంటే పిస్టన్ వచ్చి వాల్వుకు తగిలేది.

కారణం తెలిశాక, దొరికిన వాటిలో అన్నిటికంటే గట్టి స్ప్రింగులు కొన్నాను. ఫ్లోట్ పోయింది. ఆరు నెలలకు ఇంజన్ పై కవర్ విప్పి చూస్తే క్యామ్ లోబ్ (వాల్వును నెట్టే ఉబ్బు) అరిగి గీతలు పడి ఉంది. క్యామ్ తోపును వాల్వుకు అందించే రాకర్ కూడా గరుకుగా అయింది. అవసరానికి మించిన బలం ప్రతి చుట్టులో క్యామ్ మీదే పడుతుందని అప్పుడు అర్థమైంది.

మిర్యాలగూడలో రైస్ మిల్లు పార్టులు చేసే లేత్ షాపు అన్న ఆ క్యామ్ చేతిలోకి తీసుకుని, "గట్టిగుంటే మంచిదనుకున్నవా తమ్మీ? లోపల ఎంత ఎత్తుల కూసుంటదో కొలిచినవా?" అన్నాడు. కొలవలేదు. స్ప్రింగు బలం అంటూ విడిగా ఉండదు, అది ఏ ఎత్తుకు నొక్కి ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. ఆయన దగ్గర స్ప్రింగ్ టెస్టర్ లేదు. డ్రిల్లింగ్ మిషన్ టేబుల్ మీద బియ్యం తూచే ఎలక్ట్రానిక్ కాటా పెట్టి, దాని మీద స్ప్రింగు నిలబెట్టి, చక్‌లో రాడ్డు బిగించి కిందికి నొక్కాం. వెర్నియర్‌లో ఎత్తు, కాటా మీద కిలోలు. దీనికంటే మంచి పద్ధతి నాకు ఇంతవరకు కనపడలేదు.

ఆ కాటా మీద తూచి ఎంచుకున్నదే ఇప్పటి సెట్. వాల్వు మూసి ఉన్నప్పుడు 33 మిల్లీమీటర్ల ఎత్తులో 24 కిలోలు. నా క్యామ్ వాల్వును 8.6 మిల్లీమీటర్లు తెరుస్తుంది, అక్కడ దాదాపు 51.5 కిలోలు. అంటే మిల్లీమీటరుకు 3.2 కిలోల చొప్పున పెరుగుతోంది. ఇంకా నొక్కితే 22.7 మిల్లీమీటర్ల దగ్గర చుట్లన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయి. పూర్తిగా తెరిచినప్పుడు మిగిలే ఖాళీ 1.7 మిల్లీమీటర్లు. ఒకటిన్నరకు తగ్గకుండా చూసుకున్నాను. ఖాళీ మరీ ఎక్కువున్నా మంచిది కాదు, వేగంలో చుట్లు తమంతట తాము ఊగుతాయి.

బిగించేటప్పుడు ఒక దెబ్బ తిన్నాను. స్ప్రింగు పైన కూర్చునే రిటైనర్ అడుగు భాగానికి, నూనె లోపలికి దిగకుండా ఆపే వాల్వ్ సీల్‌కు మధ్య ఖాళీ చూడలేదు. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు రిటైనర్ సీల్‌ను నొక్కేసింది. రెండో రేసుకే సైలెన్సర్‌లో నీలం పొగ. అప్పటినుంచి తేలికపాటి స్ప్రింగు వేసి, వాల్వు ఎంత కదిలిందో చూపే డయల్ గేజ్ పెట్టి, క్యామ్‌ను చేత్తో తిప్పి అక్కడ కనీసం ఒక మిల్లీమీటరు ఉందో లేదో చూస్తున్నాను.

ఇంకో మాట. వాల్వ్ సీటు కోయించిన ప్రతిసారీ వాల్వు లోపలికి దిగుతుంది, దాని కాడ పైకి వస్తుంది, స్ప్రింగు ఎత్తు పెరిగి బలం తగ్గుతుంది. స్ప్రింగు లేకుండా రిటైనర్, దాన్ని కాడకు పట్టి ఉంచే లాకులు మాత్రం పెట్టి వెర్నియర్‌తో ఎత్తు కొలిచి, పెరిగినంత మందం షిమ్ (పలుచని వాషర్) స్ప్రింగు అడుగున వేయాలి. నా స్ప్రింగుకు అర మిల్లీమీటరు షిమ్ అంటే 1.6 కిలోలు. స్ప్రింగును స్క్రూడ్రైవర్‌తో పొడవడం, ప్లయర్‌తో పట్టుకోవడం దయచేసి చేయకండి. తీగ మీద చిన్న గీత పడినా పగులు అక్కడే మొదలవుతుంది.

కొత్త సెట్ వేశాక వెంటనే లాగలేదు. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర పావుగంట వేడెక్కించి, పూర్తిగా చల్లారనిచ్చాను. ఆ తర్వాత విప్పి తూచితే 24 కాస్తా 23.2 అయింది. మొదటి వేడికి కొంత తగ్గడం మామూలే. ఏడాదికి 22.8. మూడో సీజన్ చివర 21.7. పది శాతం తగ్గితే, అంటే 21.6 వస్తే మార్చాలని ముందే అనుకున్నాను. పదిన్నర వేల దాకా ఇప్పటికీ ఫ్లోట్ లేదు, క్యామ్ లోబ్ నున్నగా ఉంది.

రెండు వాల్వులకు కలిపి ఐదు వేల పైనే అయింది. మామూలు క్యామ్‌తో ఊళ్లో తిరిగే బండికి ఇది వేయించకండి, రాకర్లు అరగడం తప్ప లాభం ఉండదు.

అదే సెట్ మళ్లీ తెప్పించాను. నూనె రాసి కవర్‌లోనే ఉంచాను. ఆదివారం మిర్యాలగూడ వెళ్లి ముందు కాటా మీద పెట్టాలి.