60 వోల్టుల ఎలక్ట్రిక్ స్కూటర్‌తో మూడేళ్లు: కరెంటు ఎక్కడ ఆగుతోందో పట్టుకోవడం

వెనక చక్రంలోనే 1500 వాట్ల మోటార్, 60 వోల్టులు 30 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ, 6 ఆంపియర్ల ఛార్జర్. బ్యాటరీని విప్పి గదికి తీసుకెళ్లొచ్చు. మూడేళ్లలో 27 వేల కిలోమీటర్లు తిరిగింది, ఎక్కువగా బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం మధ్య. కొత్తలో ఒకసారి నింపితే 60 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 50 వస్తోంది. ఆ మాత్రం తగ్గడం సహజం. బ్యాటరీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. విసిగించినదల్లా బ్యాటరీకీ మోటారుకీ నడుమ ఉన్న సామాను: ప్లగ్గు, ఎంసీబీ (కరెంటు మీరితే దానంతటదే పడిపోయే స్విచ్చు), కన్వర్టర్, బ్రేక్ స్విచ్చులు. "బ్యాటరీ పోయింది, మార్చాలి" అని సర్వీసువాళ్లు తేల్చిన రెండుసార్లూ బ్యాటరీ బాగానే ఉంది. ఈ తరగతి బళ్లలో దాదాపు ఇవే భాగాలుంటాయి కాబట్టి, బండి ఏ కంపెనీదైనా కింది కొలతలు పనికొస్తాయి.

ముందు జాగ్రత్త. నిండు బ్యాటరీ అంటే 67 వోల్టుల డీసీ. ఉంగరం, కడియం, వాచీ తీసేయాలి. స్పానర్ పిడికి టేపు చుట్టాలి. ఎంసీబీ కిందికి దించి బ్యాటరీ ప్లగ్గు పీకాక కూడా కంట్రోలర్ (మోటారుకు కరెంటు మోతాదుగా పంపే పెట్టె) లోపలి కెపాసిటర్లలో కాసేపు ఛార్జ్ ఉంటుంది, అయిదు నిమిషాలు ఆగాకే తీగలు ముట్టుకోవాలి. బ్యాటరీ డబ్బా మాత్రం ఇంట్లో విప్పొద్దు.

60 వోల్టుల పేరుతో అమ్మే ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం లిథియం) బ్యాటరీల్లో చాలావాటికి 16 సెల్ వరసలుంటాయి. ఒక్కో వరస 4.2 వోల్టుల దాకా నిండుతుంది, మొత్తం 67.2. సగం ఛార్జ్‌లో 58, 59 దగ్గర ఉంటుంది. 54కి వచ్చిందంటే ఇంటికి దగ్గర్లో ఉండాలి. 48 దరిదాపుల్లో కంట్రోలరో బీఎంఎసో (బ్యాటరీ లోపల సెల్స్‌ను కాపాడే సర్క్యూట్) సరఫరా ఆపేస్తుంది. మీది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అయితే ఈ లెక్క వర్తించదు. దాని వోల్టేజి నడిమధ్య ఛార్జ్ అంతటా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. లేబుల్ చదివి మొదలుపెట్టండి.

అందరూ పొరపడేది ఇక్కడే. బండి ఆపి కొలిస్తే 62 వోల్టులు ఉంటుంది, బ్యాటరీ బాగుందనుకుంటారు. వంతెన ఎక్కేటప్పుడు మోటార్ 30 ఆంపియర్లు లాగుతుంది, అసలు సంగతి అప్పుడే బయటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ 62 నుంచి 59కి దిగి, యాక్సిలరేటర్ వదలగానే తిరిగి లేస్తుంది. 48 దరిదాపులకు పడిపోయి మోటార్ ఆగి, ఆగిన మరుక్షణం మళ్లీ 61 చూపిస్తే రెండే కారణాలు: సెల్ వరసల్లో ఒకటి బలహీనపడింది, లేదా దారిలో ఎక్కడో జాయింటు చెడింది. సెంటర్ స్టాండ్ వేసి చక్రం తిప్పి చూస్తే ఇది తెలియదు, ఖాళీ చక్రానికి రెండు మూడు ఆంపియర్లే చాలు. బ్రేకు పట్టి లోడు ఇద్దామన్నా కుదరదు, బ్రేకు నొక్కగానే మోటార్ కట్ అవుతుంది. ఎత్తు రోడ్డే కావాలి.

పద్ధతి ఇది. కనిష్ఠ రీడింగ్ పట్టుకునే బటన్ ఉన్న మల్టీమీటర్ తీసుకుని, దాని తీగల్ని మొదట ప్లగ్గుకు బ్యాటరీ వైపు టేపుతో గట్టిగా కట్టి, వెనక కూర్చున్నవాళ్ల చేతికి మీటర్ ఇచ్చి ఒక ఎత్తు ఎక్కండి. రెండోసారి అదే ఎత్తు, తీగలు మాత్రం కంట్రోలర్ ఇన్‌పుట్ దగ్గర. రెండు చోట్లా ఒకేలా పడితే తేడా బ్యాటరీలోనే. బ్యాటరీ దగ్గర 59 ఉండి కంట్రోలర్ దగ్గర 54 వస్తే ఆ 5 వోల్టులు దారిలోనే పోతున్నాయి. ఈ ఒక్క పరీక్ష కొత్త బ్యాటరీ ఖర్చును తప్పిస్తుంది.

దారిలో మొదటి నేరస్థురాలు బ్యాటరీ ప్లగ్గు. కాంటాక్ట్‌లో 20 మిల్లీఓమ్‌ల నిరోధం చేరిందనుకుందాం. 30 ఆంపియర్ల దగ్గర వోల్టేజి నష్టం 0.6 మాత్రమే, బండిలో తేడా కూడా తెలియదు. కానీ అక్కడ పుట్టే వేడి 18 వాట్లు, చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత. ఆ వేడికి లోపలి స్ప్రింగ్ మెత్తబడి పట్టు వదులుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, చివరికి ప్లాస్టిక్ కరిగి నల్లబడుతుంది. పదిహేను నిమిషాల ప్రయాణం తర్వాత ఎంసీబీ దించి ప్లగ్గు మీద వేలు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు నిలవకపోతే మార్చాల్సిందే. మార్చేటప్పుడు రెండు సగాలూ కలిపి మార్చాలి. పాతదానికి కొత్తది జత చేస్తే రెండు నెలల్లో మళ్లీ అదే కథ. కాంటాక్టును గరుకు కాగితంతో రుద్దితే పైపూత పోయి ఇంకా త్వరగా పాడవుతుంది. ఎలక్ట్రానిక్ సామాను అమ్మే ఎస్.పి.రోడ్‌లో 50 ఆంపియర్ల ప్లగ్గులు దొరుకుతాయి, వైరు 6 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వైరు కొసను పిన్నులో నొక్కి బిగించే పని (క్రింపింగ్) కటింగ్ ప్లేయర్‌తో చేయించుకోవద్దు, సరైన టూల్ ఉన్న చోటే చేయించండి.

పీజీల్లో, లిఫ్టు లేని ఇళ్లలో ఉండేవాళ్లు బ్యాటరీని రోజూ పీకి పెడతారు కాబట్టి వాళ్ల ప్లగ్గులే ముందు పోతాయి. ప్లగ్గు పెట్టగానే ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండుతూ మెరుపు కొడతాయి, ప్రతి మెరుపుకీ కాంటాక్టు కొంచెం కాలుతుంది. వరస ఇలా ఉండాలి: తాళం ఆఫ్, ఎంసీబీ కిందికి, ప్లగ్గు, మళ్లీ ఎంసీబీ పైకి.

డిస్‌ప్లే సహా అంతా చచ్చిపడి ఉంటే ఎంసీబీ, ఫ్యూజు, తాళం స్విచ్చు, కన్వర్టర్ అదే క్రమంలో చూడాలి. కన్వర్టర్ 60 వోల్టుల్ని 12కి దించి లైటుకీ హారన్‌కీ ఇస్తుంది. కొన్ని బళ్లలో డిస్‌ప్లే కూడా దాని మీదే నడుస్తుంది. 12 నుంచి 13.5 మధ్య రావాలి. హారన్ కొడితే లైటు మసకబారుతోందంటే దాని పని అయిపోవచ్చింది. ఫాగ్ లైట్లు తగిలించేవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి: 10 ఆంపియర్ల కన్వర్టర్ మొత్తంగా ఇవ్వగలిగేది 120 వాట్లే.

లైట్లు వెలుగుతూ మోటార్ మాత్రం కదలకపోతే వెనక బ్రేక్ లైటు చూడండి. బ్రేకు వదిలినా వెలుగుతూనే ఉంటే లీవర్ స్విచ్చు అతుక్కుపోయింది. వానాకాలంలో ఇది మామూలే. ఆ స్విచ్చు రెండు పిన్నుల కనెక్టర్ తీసి చూస్తే బండి కదులుతుంది, కానీ అది పరీక్షకే. బ్రేకు కటాఫ్ లేకుండా రోడ్డెక్కొద్దు. సైడ్ స్టాండ్ సెన్సర్‌లో మట్టి చేరినా ఇదే లక్షణం. తర్వాత యాక్సిలరేటర్: దానికి 5 వోల్టులు వస్తూ, సిగ్నల్ తీగలో, యాక్సిలరేటర్ వదిలినప్పుడు 0.8 దగ్గర ఉండి, పూర్తిగా తిప్పితే 3.6 నుంచి 4.2 దాకా నిదానంగా పెరగాలి. మధ్యలో గెంతితే మార్చేయండి, చవక భాగమే.

మోటార్ గుర్రుమంటూ వణికితే హాల్ సెన్సర్‌నో (చక్రం ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కు చెప్పేది) దాని కనెక్టర్‌నో అనుమానించాలి. చక్రం చేత్తో తిప్పితే కుదుపులతో బిగుసుకుంటోందా? మోటారుకు వెళ్లే మూడు లావు ఫేజ్ తీగలు కంట్రోలర్ నుంచి విప్పి, ఒకదానికొకటి తగలకుండా పెట్టి తిప్పండి. తేలికైతే కంట్రోలర్‌లో మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్చు) షార్ట్, అప్పటికీ బిగుసుకుంటే మోటార్‌లో షార్ట్.

ఛార్జర్ పెట్టగానే పచ్చ లైటు వచ్చి బ్యాటరీ నిండకపోతే కరెంటు లోపలికి వెళ్లే దారి తెగింది: పిన్ను, ఫ్యూజు, లేదా బీఎంఎస్. ఛార్జర్ 66 వోల్టులే ఇస్తుంటే సెల్ వరసలు సమం కావు, ఎందుకంటే చాలా బీఎంఎస్‌లు ఆ పని ఛార్జింగ్ చివరి దశలోనే చేస్తాయి. రోజూ 80, 90 శాతం దగ్గర ఆపేవాళ్లు కూడా నెలకోసారి పూర్తిగా నింపి, మరో గంటన్నర అలాగే ఉంచాలి, మనిషి దగ్గరుండగా.

సిల్క్ బోర్డు దగ్గర, అవుటర్ రింగ్ రోడ్డు మీద వానకు నీళ్లు నిలిచినప్పుడు చక్రం ఇరుసు మునిగే లోతులోకి దించొద్దు. ఇరుసు నుంచి తీగలు బయటికొచ్చే రంధ్రమే నీటికి దారి. అక్కడ తీగను కిందికి వంకీ తిప్పి కడితే చుక్క లోపలికి పోకుండా కిందికి జారుతుంది. బ్యాటరీ మునిగితే ఎండబెట్టి ఛార్జ్ పెట్టే ప్రయత్నం వద్దేవద్దు. ఆరుబయట, మంట అంటుకునేవాటికి దూరంగా ఉంచి తెలిసినవాళ్లకు అప్పగించండి. నిజంగానే కొత్త బ్యాటరీ కొనాల్సి వస్తే విద్యుత్ వాహనాల బ్యాటరీలకు వర్తించే ఏఐఎస్-156 సవరించిన భద్రతా నిబంధనల ప్రకారం తయారైందా అని కాగితం అడగండి. అవి 2022 డిసెంబర్ 1న, 2023 మార్చి 31న రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. ఎంసీబీ మార్చేటప్పుడు ఇళ్లకు వాడే ఏసీది వేయించుకోవద్దు. డీసీలో లేచే మెరుపును అది ఆర్పలేక లోపలే కాలిపోతుంది.