ఎన్‌డీఐఎస్ సెల్ఫ్ మేనేజ్‌మెంట్: డబ్బు ముందు, ప్రశ్నలు తర్వాత

ఎన్‌డీఐఎస్ అంటే వైకల్యం ఉన్నవాళ్లకు కావాల్సిన సేవలకు ఆస్ట్రేలియా ప్రభుత్వం డబ్బిచ్చే పథకం. ఎవరికి ఎంత, దేనికి అని రాసిచ్చేదే ప్లాన్. అది ఎలా వస్తుందో అక్కడున్న మనవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చేదాకా ఎదురుచూసి, రిపోర్టులన్నీ పోగేసి, ప్లాన్ చేతికి తెచ్చుకున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. మా బాబుకు ఆటిజం. వాడి ప్లాన్ డబ్బును పథకం నడిపే ఏజెన్సీకో, మన తరఫున బిల్లులు చూసే ప్లాన్ మేనేజర్‌కో అప్పజెప్పకుండా మొదటినుంచీ మేమే చూసుకుంటున్నాం. సెల్ఫ్ మేనేజ్‌మెంట్ అంటే అదే. బాగుందా అంటే బాగుంది. ఒక్క విషయంలో మాత్రం నాకు దీని మీద గుర్రు ఉంది. క్లెయిమ్ చేయడం, అంటే ప్లాన్‌లోంచి డబ్బు అడిగి తీసుకోవడం, మరీ తేలిక.

తేలికైతే మంచిదే కదా అంటారు. స్పీచ్ థెరపీ బిల్లు వస్తుంది. పోర్టల్లో తేదీ, మొత్తం కొడతాం. మామూలుగా కొద్ది రోజుల్లోనే డబ్బు ఖాతాలో పడుతుంది. మేము మొదలుపెట్టిన రోజుల్లో పాత పోర్టల్ బిల్లు జత చేయమని కూడా అడిగేది కాదు. డబ్బు పడిందంటే ఎవరో చూసి సరేనన్నారనే ఎవరైనా అనుకుంటారు. నిజానికి చాలాసార్లు అప్పుడు ఎవరూ చూడరు. చూడాలనుకుంటే తర్వాత చూస్తారు. బిల్లులు, రసీదులు 5 ఏళ్లు దాచమనేది అందుకే.

మాకు ఆ రోజు రానే వచ్చింది. ఫలానా క్లెయిములకు ఆధారాలు పంపండి అని ఉత్తరం. అందులో నిందించిన మాటేమీ లేదు, కానీ చదివిన రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు. మా ఆయనకు లెక్కల పిచ్చి ఉండడం ఆ రోజు పనికొచ్చింది. బాబు డబ్బుకు విడిగా బ్యాంకు ఖాతా, నెలకో ఫోల్డరు, బిల్లు పక్కనే చెల్లించిన రసీదు అన్నీ ఉన్నాయి. చాలావాటికి ఒక్క సాయంత్రంలో జవాబు తయారైంది.

చిక్కంతా ఒక్క థెరపీ సెంటర్ బిల్లులతో వచ్చింది. 'థెరపీ సేవలు, నెల మొత్తం' అని ఒకే వరుస, కింద ఒక అంకె. ఏ రోజు వచ్చారు, ఎంతసేపు చేశారు, ఓటీనా (ఆక్యుపేషనల్ థెరపీ) స్పీచా, ఏమీ ఉండదు. అప్పట్లోనే నేను తేదీలు వేసి ఇమ్మని అడిగాను. "మా సిస్టమ్‌లో ఇలాగే వస్తుందండీ, అందరికీ ఇదే ఇస్తాం, ఎవరూ ఏమీ అనలేదు" అన్నారు. మంచి థెరపిస్టు, బాబు ఆమె దగ్గర కూర్చుంటాడు, వెయిటింగ్ లిస్టులో నెలల తరబడి ఉండి దొరికిన చోటు. బిల్లు కోసం పోట్లాడి మానేస్తామా? ఈ ఉత్తరం వచ్చేసరికి ఆ సెంటర్ చేతులు మారింది. ఫోన్ చేస్తే కొత్తవాళ్లు "పాత రికార్డులు మా దగ్గర లేవు" అన్నారు. మెయిల్ పెడితే చూస్తామన్నారు. మళ్లీ పెడితే జవాబే లేదు. బిల్లు రాసింది వాళ్లు, సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మేము. సెల్ఫ్ మేనేజ్‌మెంట్ అంటే ఇదని బుక్‌లెట్లో రాసే ఉంటుంది, కానీ ఒంటికి తగిలినప్పుడే తెలుస్తుంది.

మమ్మల్ని గట్టెక్కించింది ఒక నోటుపుస్తకం. ఆ థెరపిస్టు ప్రతి సెషన్ చివర తేదీ వేసి, ఆ రోజు ఏ మాటలు పలికించిందో, ఇంట్లో ఏం చేయించాలో రాసి సంతకం పెట్టేది. ఆ పేజీలన్నీ ఫోటోలు తీసి, బ్యాంకు స్టేట్‌మెంటుతో కలిపి పంపాం. ఒప్పుకున్నారు. అదే సెంటర్ సెలవుల్లో పెట్టిన ఒక ప్రోగ్రామ్ బిల్లు మాత్రం నిలబడలేదు. స్టాఫ్ గంటలు, పార్కు టికెట్టు, మధ్యాహ్నం భోజనం అన్నీ కలిపి ఒకే మొత్తం వేశారు. పిల్లాడిని చూసుకున్నవాళ్ల గంటలకు ప్లాన్‌లో డబ్బు వాడొచ్చు, టికెట్టుకూ భోజనానికీ వాడకూడదు. విడగొట్టి ఇమ్మంటే ఇచ్చే నాథుడు లేడు. ఆ మొత్తం మేమే తిరిగి కట్టాం. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ మంట ఇప్పటికీ చల్లారలేదు.

అప్పుడు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్న అత్తయ్య ఇదంతా చూసి, "ప్రభుత్వం వాడికిచ్చిన డబ్బే కదమ్మా, వాడికే కదా ఖర్చుపెట్టారు? మళ్లీ ఈ లెక్కలేంటి?" అన్నారు. ఆవిడ చూసింది అక్కడి పింఛను. ఆంధ్రాలో దివ్యాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలు చేశారు. నెల మొదట్లో చేతికొచ్చాక బియ్యం కొన్నావా, మందులు కొన్నావా అని ఎవరూ అడగరు. ఇది అలాంటిది కాదు, వైకల్యం వల్ల అవసరమైన సేవలకు మాత్రమే అని చెప్పాను. ఇంటి అద్దె, కిరాణా, ఇంటర్నెట్, స్కూలు ఫీజు పిల్లాడి కోసమే అయినా కుదరవు. 2024 అక్టోబర్ 3 నుంచి ఏవి పనికొస్తాయి, ఏవి రావు అని చట్టప్రకారం జాబితాలే ఉన్నాయి. మాట్లాడలేని పిల్లలకు ట్యాబ్లెట్ లాంటివి కావాలంటే, ఇంకో సేవకు బదులుగా ఇవ్వమని ముందు రాసి అడగాలి, సరేనన్నాకే కొనాలి. ఉగాది ఫంక్షన్లో "మేం ఐప్యాడ్ కొనేశాం, ఏమీ కాలేదు" అనేవాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ తగులుతారు. ఏమీ కాలేదంటే ఇంకా కాలేదని అర్థం.

నేనూ ఆ ఫంక్షన్లలోనే సెల్ఫ్ మేనేజ్‌మెంట్ గురించి గొప్పగా చెప్పినదాన్నే. కారణం, బాబుకు తెలుగు వచ్చిన సపోర్ట్ వర్కర్ దొరకడం. ఎన్‌డీఐఎస్‌లో నమోదైన సంస్థల (రిజిస్టర్డ్ ప్రొవైడర్ల) జాబితాలో, మెల్‌బోర్న్‌లో మా టార్నీట్ వైపు మాకు అలాంటివాళ్లు దొరకలేదు. ఇక్కడ చదువుకుంటున్న అబ్బాయి ఒకడు వచ్చాడు. వాడితో బాబు "నీళ్లు కావాలి" అని పూర్తి వాక్యం అన్నాడు. ఆ సంతోషం ముందు లెక్కల తలనొప్పి ఎంత? అయితే ప్లాన్ మేనేజర్ ఉన్నా రిజిస్టర్ కాని వర్కర్‌ను పెట్టుకోవచ్చు. ధర మాత్రం ఎన్‌డీఐఎస్ పెట్టిన పరిమితి దాటకూడదు, అంతే. మేము ఆ అబ్బాయికి పరిమితికి లోపలే ఇస్తున్నాం. అంటే నేను సెల్ఫ్ మేనేజ్‌మెంట్ ఖాతాలో వేసిన గొప్పలో చాలా భాగం దానిది కాదు. పైగా ప్లాన్ మేనేజర్ ఫీజుకు ప్లాన్‌లో విడిగా డబ్బిస్తారు, పిల్లాడి థెరపీలోంచి కోయరు.

ఆ అబ్బాయితోనే ఇంకో ముచ్చట. మొదట్లో "క్యాష్‌గా ఇచ్చేయండి అక్కా" అని అడిగాడు. స్టూడెంట్ వీసాలో కాలేజీ నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయాలి, అదీ వాడి టెన్షన్. కుదరదు తమ్ముడూ అన్నాను. ఏబీఎన్ (ఆస్ట్రేలియాలో వ్యాపార నంబరు), తేదీ, గంటలు రాసి బిల్లు ఇస్తేనే బ్యాంకులో వేస్తాను. కొన్నాళ్లు ముఖం మాడ్చుకున్నాడు. ఇప్పుడు ఆ థెరపీ సెంటర్ కంటే శుభ్రంగా బిల్లు రాస్తాడు.

డిసెంబరు సెలవులకు ఇండియా వెళ్లేవాళ్లు 6 వారాల సంగతి చూసుకోండి. అంతకు మించి ఉండేట్టయితే ముందే చెప్పాలి, లేకపోతే ప్లాన్ ఆగిపోవచ్చు. అక్కడ రెండు పెళ్లిళ్లు తగిలితే 6 వారాలు ఇట్టే దాటిపోతాయి.

సెల్ఫ్ మేనేజ్‌మెంట్ తీసుకోమంటారా అని అడిగితే, మీ ఇంట్లో బిల్లులు ఎవరు చూస్తారని నేను ఎదురు అడుగుతాను. నేను పార్ట్ టైమ్ చేస్తాను, మా ఆయనకు ఎక్సెల్ షీటు తెరిస్తే గానీ ఆదివారం గడవదు. ఇద్దరూ షిఫ్టుల్లో ఉండే ఇంటికి నేనైతే చెప్పను. సెల్ఫ్ మేనేజ్‌మెంట్, ప్లాన్ మేనేజర్ రెండూ కలిపి కూడా పెట్టుకోవచ్చు. వచ్చే ప్లాన్‌లో థెరపీ బిల్లులు ప్లాన్ మేనేజర్‌కు ఇచ్చేసి, ఆ అబ్బాయి గంటలు మా దగ్గర ఉంచుకుందామని నా ఉద్దేశం. మా ఆయన ఒప్పుకోవట్లేదు. వేరేవాళ్లు దాచిన బిల్లును ఆయన నమ్మరట.