కడుపుతో ఉన్నవాళ్లను డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చేముందు జాగ్రత్త

ఫిర్యాదు ఇచ్చాం, అందుకే సెంటర్ పేరు రాయడం లేదు. డబ్బు పోతే పోయింది, ఇంకో ఆడపిల్లకు ఇలా కావద్దని రాస్తున్నా.

మా చెల్లెలికి కల్లు అలవాటు. చెట్టు కల్లు అనుకునేరు, మా వైపు దుకాణాల్లో అమ్మేది అల్ప్రాజోలం అనే మత్తు మందు కలిపిన కల్లు, ఒక్క పూట తాగకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. ఐదో నెల వచ్చినా మానలేకపోతుంటే ఊరి బయట ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్చాం. గైనిక్ డాక్టర్ రోజూ వస్తారని ఫోన్‌లో చెప్పారు. 40 వేలు అడ్వాన్స్ తీసుకుని తెల్ల కాగితం మీద రసీదు రాసిచ్చారు. పదిహేను రోజులు ఫోన్ చేయొద్దు, చూడ్డానికి రావొద్దు, అదేదో రూలట. సరేనని తలూపి వచ్చాం, మా బుద్ధి తక్కువ.

నాలుగో రోజు ఫిట్స్ వచ్చాయని మాకు చెప్పింది అక్కడ వంట చేసే ఆవిడ. పరిగెత్తి వెళ్తే పిల్ల చేతులు రెండూ చున్నీలతో మంచానికి కట్టేసి ఉన్నాయి, మణికట్టు దగ్గర తోలు లేచిపోయింది. గైనిక్ డాక్టర్ ఏం రాశారని అడిగితే సొరుగులోంచి ఎంసీపీ కార్డు (గర్భిణి పరీక్షల వివరాలు రాసే కార్డు) తీసిచ్చారు. మేం చుట్టిన రబ్బరు బ్యాండు కూడా విప్పలేదు.

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ మొదటి ప్రశ్నే, ఒక్కసారిగా ఎవరు మాన్పించారని. ఈ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వస్తాయి, కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం క్యూ కట్టింది అందుకే. డాక్టర్ కళ్ల ముందు డోసు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, కడుపుతో ఉంటే బిడ్డనూ చూసుకుంటూ.

చేర్చేముందు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ కాగితం అడగండి, రేపు చూపిస్తామంటే వెనక్కి వచ్చేయండి. గొలుసులతో కట్టడం ఆ చట్టంలో పూర్తిగా నిషేధం. వేరేలా కట్టాలన్నా అప్పటికప్పుడు ప్రమాదం తప్పించడానికే, అదీ సైకియాట్రిస్ట్ అనుమతితో, రికార్డులో రాసి. ఫోన్ మాట్లాడటం, తన రికార్డులు తీసుకోవడం పేషెంట్ హక్కు. మా చెల్లెల్ని చేర్చేటప్పుడు సంతకం ఆమె భర్త ఒక్కడే పెట్టాడు, తెలివిలో ఉన్న పిల్లను ఒక్క మాట అడగలేదు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, అది కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్.

చెల్లెలు ఇప్పుడు ఇంట్లోనే ఉంది, తొమ్మిదో నెల. నిన్న సెంటర్ నుంచి మళ్లీ ఫోన్, బ్యాలెన్స్ 12 వేలు ఎప్పుడు కడతారని.