కాలువ గట్టు రోడ్ల మీద సైకిల్ లైట్లు: కొన్నేళ్ళు వాడాక

భీమవరం నుంచి వీరవాసరం మీదుగా పాలకొల్లు వైపు తెల్లారకముందే సైకిల్ మీద బయల్దేరే అలవాటు నాది. ఇక్కడి పల్లె రోడ్లకి ఒక పక్క కాలువ, ఇంకో పక్క రొయ్యల చెరువు. చాలాచోట్ల అంచున రెయిలింగ్ ఉండదు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, రాత్రికి బరకాలు కప్పి, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. పగలు నీలంగా కనిపించే బరకం చీకట్లో తారు రంగులో కలిసిపోతుంది. సార్వా కోతలు, దాళ్వా కోతలు, వానలు, డిసెంబరు మంచు అన్నిటిలోనూ లైట్లు వాడి చూశాక రాస్తున్నాను. మోడల్ పేర్లు కావాలనే చెప్పడం లేదు. అవి ఏటా మారిపోతుంటాయి, ఏం చూసి కొనాలో తెలిస్తే చాలు.

ముందు ల్యూమెన్ల సంగతి, అంటే లైటు మొత్తంగా ఇచ్చే వెలుగు కొలత. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి దొరికే లైట్ల డబ్బా మీద 5000 అనీ 10000 అనీ వేసి ఉంటుంది. దయచేసి నమ్మకండి. వాటిలో సాధారణంగా ఉండేది 18650 సెల్లు, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఎంత మంచి కంపెనీది తీసుకున్నా ఆ సైజులో కెపాసిటీ సాధారణంగా 3500 ఎంఏహెచ్ (మిల్లీ యాంప్ అవర్లు) దగ్గర ఆగిపోతుంది. సెల్లు మీద 9900 అని ఉంటే అబద్ధమని తెలియడానికి ఆ ఒక్క అంకె చాలు, మిగతావి చదవక్కర్లేదు. 3500 ఎంఏహెచ్ అంటే పన్నెండు, పదమూడు వాట్ అవర్లు. ఎల్‌ఈడీ వాట్‌కి వంద ల్యూమెన్లకి కాస్త అటూఇటూగా ఇస్తుంది. ఒక్క సెల్లుతో వెయ్యి ల్యూమెన్లు గంటకి మించి నిలబడటం కష్టం.

అసలు మనకి కావలసింది ఎంత? గంటకి 25 కిలోమీటర్ల వేగంలో సెకనుకి దాదాపు 7 మీటర్లు పోతాం. అడ్డం కనపడి బ్రేకు మీద వేలు పడేసరికి ఆ ఏడూ అయిపోతాయి. ఆగడానికి ఇంకో ఆరేడు కావాలి. పొడి రోడ్డు మీద లెక్క ఇది. చేపల లోడు లారీల నుంచి ఐసు నీళ్ళు కారిన రోడ్డు మీద ఇంకా ఎక్కువే. అందుకని ముందు 20 మీటర్లు స్పష్టంగా కనపడాలి, అంచులతో సహా. ఆ పనికి నిజమైన మూడు నాలుగు వందల ల్యూమెన్లు సరిపోతాయి, వెలుగు రోడ్డు మీద పడితే.

చిక్కంతా ఆ పడటంలోనే ఉంది. మామూలు టార్చి తరహా లైటు గుండ్రంగా చిమ్ముతుంది. సగం వెలుగు రోడ్డు మీద, మిగతా సగం కొబ్బరి చెట్ల మీదా ఎదురొచ్చేవాడి కళ్ళలోనూ. ఇరుకు రోడ్డు మీద ఎదురుగా వచ్చే బైకువాడికి కళ్ళు చెదిరితే వాడు వచ్చేది మన మీదికే. జర్మనీలో సైకిల్ లైటుకి ఇలా పైకి చిమ్మకూడదన్న నిబంధన ఉంది. అక్కడ ఆమోదం పొందిన లైటు మీద అల గీత, పక్కన కె అక్షరం, ఒక నంబరు ఉంటాయి. వాటి బలాన్ని ల్యూమెన్లలో కాకుండా 10 మీటర్ల దూరంలో ఒకచోట పడే వెలుగుని కొలిచే లక్స్‌లో చెబుతారు. కారు లో బీమ్‌లాగా పైభాగం కత్తిరించినట్టు ఆగిపోతుంది, కింద రోడ్డంతా వెడల్పుగా పరుచుకుంటుంది. అలాంటిది నాకు నాలుగు వేల పైచిలుకు పడింది. ఎక్కువే, కాదనను. కానీ గట్టు అంచున తారు అయిపోయి గ్రావెల్ మొదలయ్యే గీత నాకు సరిగ్గా కనపడింది ఈ లైటు వచ్చాకే. ఎదురొచ్చే ట్రాక్టర్లవాళ్ళు డిప్ కొట్టమని హారన్ మోగించడమూ మానేశారు.

ఎంత మంచి లైటైనా వంపు తప్పితే వృథా. సమతలంగా ఉన్నచోట గోడకి ఐదు మీటర్ల దూరంలో సైకిల్ నిలబెట్టండి. లైటు ఎంత ఎత్తున ఉందో గోడ మీద సుద్దతో గీయండి. పైఅంచు కత్తిరించినట్టుండే లైటైతే ఆ అంచు సుద్దగీతకి పది సెంటీమీటర్లు కిందికి రావాలి. గుండ్రటి లైటైతే దాని నడిమధ్య ఆ ఎత్తులో సగానికి రావాలి, అప్పుడది పది మీటర్ల దగ్గర నేలని తాకుతుంది. సీటు మీద ఎవరినైనా కూర్చోబెట్టి చూడండి, టైర్లు నొక్కుకుంటే కాస్త తేడా వస్తుంది.

బిగింపు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నా బాధ ఎక్కువ దానితోనే. రబ్బరు పట్టీతో చుట్టేవి మన ఎండకి రెండో వేసవికల్లా పగుళ్ళిస్తాయి. పగలకముందే వదులై, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా లైటు ముక్కు కిందికి వాలుతుంది. స్క్రూతో బిగించే బ్రాకెట్ తీసుకోండి. కొత్త సైకిళ్ళ హ్యాండిల్ మధ్యభాగం 31.8 మిల్లీమీటర్లు, సన్నరకం 25.4. బ్రాకెట్ రెండిటికీ సరిపోతుందో లేదో అడగండి. చిన్న ఖాళీ ఉంటే పాత ట్యూబు ముక్క చుట్టి బిగిస్తే జారదు. హ్యాండిల్ మీద కాకుండా కింద ఫోర్కు పైన బిగిస్తే గుంతల నీడలు పొడుగ్గా పడి ముందే తెలుస్తాయి. అయితే గులకరాయి కూడా బండరాయిలా కనిపించి ఊరికే బ్రేకు వేయిస్తుంది. నాకు హ్యాండిల్ కింద వేలాడదీయడం బాగా కుదిరింది.

హెల్మెట్ లైటు పంక్చరు వేసుకునేటప్పుడు బంగారం. తొక్కేటప్పుడు మాత్రం, తొలకరి రోజుల్లో ఉసిళ్ళన్నీ మొహం మీదికే వస్తాయి. మంచులో కళ్ళ ముందు తెల్లతెర తప్ప ఏమీ కనపడదు.

ఇక వెనక లైటు. దీనికి డబ్బు తగ్గించొద్దు. చీకట్లో నిలకడగా వెలిగేదే పెట్టండి. మిణుకు మిణుకుమనేది ఒక్కటే ఉంటే వెనకవాడికి మనమెంత దూరంలో ఉన్నామో అంచనా అందదు. తెల్లారాక మిణుకు మంచిదే. సీటు రాడ్డు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి దానికి తగిలించిన లైటు నేలని చూస్తుంది, ఈ సంగతి చాలామంది గమనించరు. వాలు సరిచేసే ముక్క పెట్టి నిటారుగా నిలపాలి. నేను క్యారియర్ చివర స్క్రూలతో బిగించాను. సంచి కప్పేయదు, చొక్కా అంచు అడ్డు రాదు. ఇంకో చిన్నది సీటు కింద, వేరే బ్యాటరీతో. ఒకటి ఆరిపోయినా తొక్కేవాడికి తెలియదు కదా. పెడళ్ళకి ఉండే పసుపు రిఫ్లెక్టర్లు పీకేయకండి. పైకీ కిందికీ ఆడే ఆ రెండు చుక్కలు చూస్తే సైకిలని డ్రైవరు వెంటనే పోల్చుకుంటాడు.

వాన సంగతికొస్తే, డబ్బా మీద ఐపీఎక్స్4 అంటే చిందులకి తట్టుకుంటుందని, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉండగలదని. వాడకంలో ముందు పాడయ్యేది ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూతే. ఆ రంధ్రం కింది వైపుకి ఉన్న లైటు ఎక్కువ కాలం వస్తుంది. వెనక మడ్‌గార్డు లేకపోతే బురదంతా ఆ మూత మీదే.

300 కిలోమీటర్లు 20 గంటల్లో, 400 కిలోమీటర్లు 27 గంటల్లో పూర్తిచేయాల్సిన బ్రెవేలకి (గడువు పెట్టి చేసే దూరపు సైకిల్ సవారీలకి) వెళ్ళేవాళ్ళు చక్రం ఇరుసులోనే ఉండే డైనమో గురించి ఆలోచించొచ్చు. 6 వోల్టులు, 3 వాట్లు, ఛార్జింగ్ బెంగ లేదు. మాలాంటి రెండు గంటల సవారీకి ఆ ఖర్చు దండగ.

చేతిలో రెండు వేలే ఉన్నాయనుకోండి. ఎనిమిది వందలు వెనక లైటుకి, వెయ్యి ముందు లైటుకి, మిగిలింది స్క్రూ బ్రాకెట్‌కి పెట్టండి. ముందుది గుండ్రటిదే వస్తుంది, ఫర్వాలేదు, కిందికి వంచి వాడండి. వేగం కూడా 18కి తగ్గించండి, ఎందుకంటే ఆ వంపులో పది మీటర్ల అవతల వెలుగు పల్చబడిపోతుంది.